ఆడకుండా గెలిచిన ఆటలు: నల్లగొండ నుంచి పాలమూరు దాకా

టెన్నిస్ చూడటానికని వెళ్లి, టెన్నిస్ కన్నా ముందు మిగతావన్నీ చూసి వచ్చాను. మా తెనాలిలో ఇప్పటికీ ఎవరైనా "ఆ పాలమూరు ప్రయాణం ఎలా సాగిందండీ" అని అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది, తరవాత మాటలు వస్తాయి. అటువైపు వెళ్లనివాళ్ల కోసం ఆ మాటల్నే కాస్త చల్లార్చి ఇక్కడ పెడుతున్నాను.

మా చెల్లెలి కూతురు శైలజ, ఇంట్లో శైలు, పంతొమ్మిదేళ్లది. చిన్నప్పుడు పట్టిన టెన్నిస్ రాకెట్టు వదలకుండా, డబ్బు బహుమతులుండే చిన్నాచితకా పోటీలు ఆడుతూ ఊళ్లు తిరిగేది. ఇది తొంభైల మొదట్లో సంగతి. టీవీలో చూసే టెన్నిస్ వేరు, ఇది వేరు. ఇందులో పచ్చగడ్డి ఉండదు, చప్పట్లు ఉండవు. పేడనీళ్లతో అలికిన మట్టి కోర్టు, ఒక పక్క నిద్రపోయే కుక్క, అంతే.

ఆ ఏడు మహబూబ్‌నగర్ దగ్గర నూనెమిల్లు నడిపే నర్సిరెడ్డి గారనే టెన్నిస్ పిచ్చాయన ఒకరు మూడు ఊళ్లలో వరస పోటీలు పెట్టారు. నల్లగొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్. మూడింటిలో కలిపి ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న అమ్మాయికి, హైదరాబాదులో జరగబోయే అంతర్జాతీయ పోటీ అర్హత రౌండ్లలో చోటు ఇప్పిస్తానని ప్రకటించారు. అంతర్జాతీయం అనగానే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. ప్రపంచం మొత్తం మీద ఏ మూలో ఒక ర్యాంకు రావాలంటే ఎక్కాల్సిన మెట్లలో అది అట్టడుగుది. ఆ మెట్టు మీద నిలబడటానికి వెనక మెట్లు ఇవన్నమాట.

శైలు వాళ్ల నాన్నకు ఒక మాట ఇచ్చి బయల్దేరింది. ఈ చోటు దక్కితే ఇంకో ఏడాది ఆడుతుంది. దక్కకపోతే క్రీడాకారుల కోటాలో వచ్చిన రైల్వే గుమాస్తా ఉద్యోగంలో చేరి ఈ తిరుగుడు మానేస్తుంది. ఆడపిల్ల ఒక్కతే వెళ్లడమేమిటని, పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే నన్ను తోడు పంపారు. నాకు సెలవులు మిగిలిపోయాయట. మిగిలిన సెలవు ఉన్నవాళ్లు ఆ సంగతి చెల్లెళ్లకు చెప్పకూడదని అప్పుడే తెలిసింది.

కట్టంగూర్: దిగకూడని చోట

విజయవాడ నుంచి వచ్చే హైదరాబాదు బస్సులో నకిరేకల్ దగ్గర దిగి నల్లగొండ బస్సు ఎక్కాలి. కండక్టరుకు ముందే చెప్పాను. ఆయన నకిరేకల్లో అరిచాడట కూడా. మేమిద్దరం ఒకరి భుజం మీద ఒకరం పడి నిద్రపోతున్నాం. లేచేసరికి కట్టంగూర్. దిగాక ఆయన మాకే హితవు చెప్పాడు, "ప్రయాణంల నిద్రపోవద్దమ్మా" అని.

రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద ఒక ముసలామె మేకల్ని ఆపుకుని కూర్చుంది. మా వాలకం చూసి పిలిచింది.

"ఏడికి పోవాలె బిడ్డా?"

"నకిరేకల్లో దిగి నల్లగొండ వెళ్లాలండీ. దాటి వచ్చేశాం."

"నకిరేకల్ ఎన్కకే పాయె. గిక్కడ్నుంచి గూడ నల్లగొండ బస్సుంటది. జర కూసోండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి." ఆమె కళ్లు శైలు భుజానికున్న సంచీ మీదే ఉన్నాయి. "గదేంది, సితారనా? పాటలు పాడుతరా?"

శైలు రాకెట్టు తీసి ఆమె చేతికిచ్చింది. ఆమె తీగల మీద వేలితో కొట్టి చూసింది.

"గింత పెద్ద జల్లెడతోని ఏం జల్లిస్తరు?"

"దీంతో బంతి కొడతాం అవ్వా."

"కొడితె?"

"అవతలివాళ్లు మళ్లీ మా వైపు కొడతారు."

"మరి ఎప్పుడు ఒడుస్తది?"

నాకూ అదే అనుమానం, కానీ ఇంట్లోవాళ్లమంతా ఇన్నేళ్లుగా అడగడానికి మొహమాటపడ్డాం. ఆమె కొంగులోంచి ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు తీసి మా ఇద్దరి దోసిళ్లలో పోసింది. ఉప్పు, మిరపకాయ తప్ప ఇంకేమీ లేవు వాటిలో. బస్సు వచ్చేదాకా తింటూ కూర్చున్నాం. ఈ యాత్రలో నాకు చికాకు లేకుండా గడిచిన మొదటి గంట, దారి తప్పిన ఆ గంటే.

నల్లగొండ: ఛాంపియన్

నల్లగొండలో మాకు బస ఇచ్చింది ఒక రిటైరైన టీచరమ్మ. గడప దాటకముందే ఆమె చెప్పిన మొదటి మాట: "బోరు నీళ్లు తాగకుండ్రమ్మా. గా బిందెల సాగర్ నీళ్లున్నయి, గవ్వే తాగుండ్రి." ఎందుకని అడగబోయి ఆమె నడక చూసి ఆగిపోయాను. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఉన్నాయి. నీళ్లలో ఫ్లోరైడు. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్లే తాగానని, అక్కడ సగం మందికి అంతేనని మామూలుగా చెప్పింది. కాలవ గట్టున పుట్టి, నీళ్లంటే పారబోసుకునేవి అనుకుని పెరిగినదాన్ని. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ చెంబెడు నీళ్లు ఒలికినా నాకు తప్పు చేసినట్టుండేది.

భోజనంలో పచ్చిపులుసు పెట్టింది. మనం చింతపండు రసం కాచి పోపు పెట్టి చారంటాం. వాళ్లు పిసికి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసి, పొయ్యి ముఖం చూపించకుండానే అన్నంలో పోసుకుంటారు. మొదటి ముద్దకు నా ముఖం ఎలా పెట్టానో గానీ, రెండో వాయి నేనే అడిగాను. బత్తాయిలైతే మా ఊళ్లో జబ్బు చేసినవాళ్లకు ఒకటీ అరా కొంటాం. అక్కడ సంచుల్లో కుమ్మరిస్తారు.

ఇక పోటీ. ఆడవాళ్ల విభాగంలో కాగితం మీద ఎనిమిది పేర్లున్నాయి. శైలు మొదటి రౌండు ఖమ్మం అమ్మాయితో. ఆ అమ్మాయి రాలేదు. వాకోవర్ అన్నారు, అంటే ఆడకుండానే గెలిచినట్టు. సరే అనుకున్నాం. రెండో రౌండు అమ్మాయికి కాలేజీలో పరీక్ష. మళ్లీ వాకోవర్. పొద్దున్నే లేచి, తెల్లబట్టలు తొడుక్కుని, జడ బిగించి వెళ్లిన పిల్ల, ఒక్క బంతి కొట్టకుండా తిరిగి వచ్చి, గోదాము గోడకేసి బంతి కొట్టుకునేది. గోదాము కాపలాదారు వచ్చి గోడ కూలుతుందన్నాడు.

ఫైనల్లో ప్రత్యర్థి మహబూబ్‌నగర్ నుంచి రావాల్సిన షాహీన్ అనే అమ్మాయి. ఆ వైపు మిగిలిన ముగ్గురూ ముందే పేర్లు వెనక్కి తీసుకోవడంతో ఆమె కాగితం మీదే ఫైనల్ దాకా వచ్చిందట. నిర్వాహకులు పంపిన కబురు ఆలస్యంగా అందిందో ఏమో, ఆమె కూడా రాలేదు. బహుమతి ప్రదానానికి మాత్రం అందరూ వచ్చారు. ముఖ్య అతిథి చాలాసేపు మాట్లాడారు. గ్రామీణ ప్రాంతాల నుంచి ఇలాంటి బాడ్మింటన్ క్రీడాకారిణులు మరింతమంది రావాలన్నారు. శైలు కప్పు పట్టుకుని ఫోటోకు నిలబడింది. ఆ ఫోటోలో దాని ముఖం, ఎవరో తన చెప్పులు ఎత్తుకుపోయినట్టుంటుంది.

"ఏమే, గెలిచావు కదా" అన్నాను బసకు వస్తూ.

"ఎవరి మీద పెద్దమ్మా?" అంది.

కల్వకుర్తి: బొమ్మా బొరుసూ

దేవరకొండ మీదుగా వెళ్లే బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. మూటలు, చాపలు, వంటగిన్నెలతో కుటుంబాలు కుటుంబాలే ఉన్నాయి. బిడ్డను చంకనెత్తుకున్న ఒకామె కాస్త జరిగి శైలుకు సీటు అంచు ఇచ్చింది. ఎక్కడికని అడిగాను.

"బొంబై పోతున్నం. కట్టుడు పనికి. వానలు లేకపాయె." ఆమె శైలు వైపు చూసింది. "నువ్వేడ పనికి పోతున్నవు చెల్లె?"

"ఆట ఆడటానికి వెళ్తున్నానక్కా."

"ఆటకు కూలిస్తరా?"

"గెలిస్తే ఇస్తారు."

"గెల్వకపోతె?"

"ఇవ్వరు."

ఆమె తల ఊపింది. "మా మేస్త్రి గూడ గసొంటోడే" అంది.

వానలు లేవని ఆమె అన్న మాట దేవుడు విన్నట్టున్నాడు. మేం కల్వకుర్తిలో దిగేసరికి మబ్బు పట్టింది. ఊరికి కొత్తగా వేసిన కోర్టు అంగడి పక్కనే ఉంది. ఆ రోజు అంగడి, అంటే మన సంత. గొర్రెల బేరగాళ్లు, గొర్రెలు, వాటిని ఎక్కించే లారీలు, కోర్టు కంచె చుట్టూ కట్టిపడేసిన పొట్టేళ్లు. నెట్టు కట్టిన స్తంభానికి కూడా ఎవరో ఒక పొట్టేలును కట్టి వెళ్లారు. దాని యజమాని కోసం మైకులో మూడుసార్లు పిలిచారు. టెన్నిస్ పోటీలో పిలిచిన మొదటి పేరు ఆయనదే.

షాహీన్‌ను అక్కడే మొదటిసారి చూశాం. పొడుగ్గా, సన్నగా ఉంది. సల్వార్ కమీజు, తెల్ల కాన్వాసు బూట్లు. రాకెట్టు పిడికి దర్జీ గుడ్డ చుట్టి ఉంది. పక్కన వాళ్ల నాన్న ఖాదర్ భాయి, మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి వచ్చాడు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దర్జీ ఆయన. మహబూబ్‌నగర్ క్లబ్బులో ఆయన తమ్ముడు మార్కరు, అంటే కోర్టు చూసుకుంటూ సభ్యులతో ఆడేవాడు. ఒక ఆఫీసరు గారి భార్యకు సాయంత్రాలు జత ఆడటానికి ఆడమనిషి కావాల్సివచ్చి, చిన్నపిల్లగా ఉన్న షాహీన్‌ను పిలిచారు. ఆఫీసరుకు బదిలీ అయింది. ఆవిడ రాకెట్టు ఈ పిల్లకు వదిలేసి వెళ్లింది. అదీ ఆ అమ్మాయి చదువు.

"నల్లగొండకు ఎందుకు రాలేదు?" అని శైలు నిలదీసినట్టే అడిగింది.

"కాయితం అచ్చేసర్కి మీ ఆట ఒడిసింది" అంది షాహీన్. "పేపర్ల చూసిన, నా మీద గెల్చినవని."

అంతలో వాన కురిసింది. మిగతా అమ్మాయిలు మధ్యాహ్నం బస్సు పట్టుకుని వెళ్లిపోయారు. ఇద్దరు మిగిలారు కనుక అదే ఫైనల్. కోర్టులో మడమ లోతున బురద. నర్సిరెడ్డి గారు గొడుగు కింద నిలబడి చాలాసేపు ఆలోచించారు. తెల్ల పంచె మోకాళ్ల దాకా ఎగగట్టుకుని ఉన్నారు. మంచి మనిషే, గొంతు కూడా మెత్తన.

"ఏం జేస్తం బిడ్డా, రేపు జాగా ఖాళీ లేదు. బొమ్మా బొరుసు ఏద్దాం."

ఇలాంటిది లోకంలో ఎక్కడైనా ఉందా అని నేనన్నాను. ఉన్నదో లేదో గానీ రూపాయి బిళ్ల పైకి లేచింది. శైలు బొమ్మ అంది. బొమ్మే పడింది. చుట్టూ ఉన్న గొర్రెల బేరగాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ ప్రయాణంలో విన్న మొదటి చప్పట్లు అవే.

షాహీన్ ఆ బిళ్లను బురదలోంచి తీసి, తుడిచి, నర్సిరెడ్డి గారికిచ్చింది. తరవాత శైలు వైపు తిరిగి అడిగింది, "గిది ఆటనా?"

"కాదు" అంది శైలు.

మహబూబ్‌నగర్: షామియానా

పాలమూరు అంటే మహబూబ్‌నగరే. అక్కడివాళ్లు ఆ పేరే అంటారు. మేం వెళ్లింది సీతాఫలాల కాలం. బస్టాండు నుంచి క్లబ్బు దాకా రోడ్డుకు రెండు పక్కలా గంపలే. మనవైపు ఒక్కొక్కటీ ఎంచి కొంటాం కదా, అక్కడ గంప దగ్గర కూర్చుని తిన్నన్ని తిని, గింజలు ముందు పోసి, ఎంతో ఒకటి ఇచ్చి లేచిపోతున్నారు. శైలు పోటీ ముందు ఏమీ తినదు. ఆ నియమం వల్ల నేను ఒక్కదాన్నే తిన్నాను.

క్లబ్బు గేటు దాటి చూస్తే కోర్టు కనిపించలేదు. కోర్టు మీద షామియానా. ఎవరో నాయకుడు వస్తున్నారట, సభ అక్కడే. నెట్టు విప్పేసి కుర్చీలు వేస్తున్నారు. బేస్ లైను మీద గుంజ పాతారు.

నర్సిరెడ్డి గారు మమ్మల్ని చూసి ఎదురొచ్చారు. ఆయన ముఖంలో సంతోషం.

"మీకు మంచి ముచ్చట చెప్తా అమ్మా. లెక్క చూసినం. మీ బిడ్డకు రెండు కప్పులొచ్చినయి. ఇగ గీడ ఓడినా గెల్చినా ఆమెకే పాయింట్లెక్కువ. హైదరాబాద్ సీటు ఆమెదే. ఆడే పనే లేదు."

నాకు ఎంత తేలికైందో చెప్పలేను. వచ్చిన పని అయింది. సాయంత్రం బస్సుకు పోవచ్చు. ఆయనకు రెండు చేతులా దండం పెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే శైలు లేదు. గేటు బయట, సంచీ మీద కూర్చుని ఉంది.

"లేవే. మీ నాన్నకు ఫోను చేద్దాం."

"ఏమని చెయ్యను?"

"గెలిచానని. ఇంకో ఏడాది ఆడతానని."

"ఒక్క బంతి కొట్టలేదు పెద్దమ్మా నేను. రెండు రాకోవర్లు, ఒక పరీక్ష, ఒక రూపాయి బిళ్ల." కోపంలో దానికి మాట తడబడింది. "నేను ఆడగలనో లేదో నాకే తెలియకుండా, ఇంకో ఏడాది ఆయన్ని ఎలా అడగను?"

"దేవుడిచ్చింది తీసుకోక ఈ పరీక్షలేమిటే నీకు?" అన్నాను. నిజంగానే విసుగొచ్చింది. కాళ్లు లాగుతున్నాయి, సెలవు అయిపోవస్తోంది, తినక తినక పిల్ల సగమైంది. అది నా మాట వినిపించుకోలేదు. లేచి, రోడ్డు మీద పోయేవాళ్లను దర్జీ ఖాదర్ భాయి ఇల్లెక్కడని అడగడం మొదలుపెట్టింది. చేసేది లేక వెనకాలే నడిచాను.

సున్నం గీతలు

ఖాదర్ భాయి ఇల్లు, కొట్టు ఒకటే. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, నీలం నిక్కర్ల గుట్టలు. ఆయన భార్య రజియా మమ్మల్ని చూసి ఏమీ అడగకుండానే నేల మీద దస్తర్ఖాను గుడ్డ పరిచింది. జొన్నరొట్టె, గోంగూర వేసి వండిన మాంసం. నేను మాంసం తిననని తెలిసి, క్షణంలో ఉల్లిపాయ కారం నూరి తెచ్చింది. శైలు ఆ రోజు తింది. ఆడతానో లేదో తెలియనప్పుడు నియమం వర్తించదేమో.

తిన్నాక శైలు నేరుగా విషయంలోకి వచ్చింది. "మనం ఆడదాం. ఎక్కడైనా సరే."

షాహీన్ వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన మిషను తొక్కడం ఆపాడు.

"సీటు ఆమెకే ఇచ్చిండ్రట గదా బేటా. ఇగ ఎందుకు?"

"ఎందుకంటె అబ్బా," అంది షాహీన్, "ఇద్దర్ల ఎవలు మంచిగ ఆడ్తరో ఎవలికీ తెల్వలె."

మర్నాడు పొద్దున్నే ఊరి చివర మూతపడ్డ బడి వెనక ఎర్రమట్టి జాగాకు వెళ్లాం. షాహీన్ బాబాయి క్లబ్బులో విప్పేసిన నెట్టును సైకిలు మీద తెచ్చాడు. గీతలు గీయాలి. కొలతలు పిల్లలిద్దరికీ తెలుసు. గీసేవాళ్లెవరు? రజియా మిషను దారం ఉండ తెచ్చి ఒక కొస నా చేతికిచ్చింది. ఇద్దరం దారం బిగించి రెండు కొసలా పుల్లలకు కట్టాం. దాని వెంబడే చిల్లు డబ్బాలోంచి సున్నం వదులుతూ నేను వంగి నడిచాను. ముప్ఫయ్యేళ్లు ముగ్గులు పెట్టిన చెయ్యి నాది. అయినా తిన్నటి గీత గియ్యడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నడుం పట్టేసింది. మా వాళ్లు నన్ను తోడు పంపారు, కోర్టు వెయ్యడానికి కాదు. ఆ మాట అనుకుంటూనే మిగతా గీతలన్నీ గీశాను.

అంపైరు లేడు. ఎవరి వైపు పడిన బంతి వాళ్లే చెప్పుకోవాలి. రోడ్డున పోయే సైకిళ్లు ఆగాయి.

శైలు ఆట నేను ఇంతకు ముందూ చూశాను. బంతిని గట్టిగా బాదుతుంది, చప్పుడు బాగుంటుంది. షాహీన్ బాదదు. ఎటు కొట్టినా వెళ్లి మెత్తగా తిప్పి పంపుతుంది. అంతే. మళ్లీ కొడితే మళ్లీ తిప్పి పంపుతుంది. ఆఫీసరు భార్యతో జత ఆడిన నాలుగేళ్లూ ఆ పిల్ల పని అదే. ఆవిడ ఆట ఆగిపోకుండా ప్రతి బంతీ ఆవిడకు అందేలా వెనక్కివ్వాలి. ఆ పని చేసీ చేసీ ఆమెకు బంతి వదలడం అనేది రాకుండా పోయింది. శైలు ఇంకా గట్టిగా కొట్టింది, అది నెట్టుకు తగిలింది. ఇంకా గట్టిగా కొట్టింది, నేను అంత కష్టపడి వేసిన గీత దాటి పోయింది. నాకు శైలు మీద కోపం, ఆ గీత మీద కోపం, ఆ మెత్తటి అమ్మాయి మీద కోపం.

ఆరు నాలుగు, ఏడు అయిదు. షాహీన్ గెలిచింది.

శైలు నెట్టు దగ్గరకు వెళ్లి చెయ్యి కలిపింది. తరవాత తువ్వాలు తల మీద కప్పుకుని సున్నం గీత పక్కనే కూర్చుంది. రజియా నీళ్లు తెచ్చి దాని ముందు పెట్టింది. కాసేపటికి తువ్వాలులోంచి మాట వచ్చింది.

"పెద్దమ్మా, ఆ చోటు నాది కాదు."

టెలిఫోను

ఆ మాట ఆగలేదు, నడిచి నర్సిరెడ్డి గారి మిల్లు దాకా వచ్చింది. శైలు ఆయనతో ఫైనల్లో ఓడిపోయానని చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు.

"ఏ ఫైనల్ బిడ్డా? ఎవలు చూసిండ్రు? అంపైర్ లేడు, కొత్త బంతులు లేవు. గట్లెట్ల రాస్త?"

"నేను ఓడాను. నేనే చెప్తున్నాను కదండీ."

"నువ్వు చెప్తె సరిపోదు గదా. నీ పేరు రాసి పంపిన."

అయితే హైదరాబాదులో పోటీ నడిపేవాళ్లనే అడుగుతానని అది ఎస్టీడీ బూత్‌కు నడిచింది. నేను బూత్ బయట నిలబడ్డాను. ఒక్క మనిషి పట్టే అద్దాల పెట్టె. లోపల శైలు చెయ్యి ఊపుతూ మాట్లాడుతోంది, ఆ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. బయటికి వచ్చి నావైపు చూసింది, ఏడవాలో నవ్వాలో తెలియని ముఖంతో.

"ఏమన్నారు?"

"అర్హత రౌండ్లకు సీటనేది ఏమీ లేదట పెద్దమ్మా. శుక్రవారం సాయంత్రంలోగా ఎవరు వెళ్లి పేరు రాసుకుంటే వాళ్లను ఆడనిస్తారట. ఎప్పుడూ ఖాళీలు మిగిలిపోతాయట. ఇద్దరూ రండమ్మా అన్నారు."

నేను బూత్ మెట్టు మీద కూర్చుండిపోయాను. కట్టంగూర్, నల్లగొండ, పొట్టేళ్లు, బురద, రూపాయి బిళ్ల, షామియానా, నా నడుం. తెనాలిలో రైలెక్కి నేరుగా హైదరాబాదులో దిగి పేరు రాసుకుంటే అయిపోయే పని.

నర్సిరెడ్డి గారికి చెబితే ఆయన గడ్డం నిమురుకున్నారు. "గట్లనా? నాకెవలు చెప్పలే" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. సొంత డబ్బుతో, నిజంగా ఏదో పెద్ద తలుపు తీస్తున్నాననుకునే మూడు ఊళ్లు తిరిగాడు మనిషి. తలుపు ముందే తీసి ఉందని ఆయనకు మాత్రం ఎవరు చెప్పాలి?

ఇక షాహీన్ సంగతి. ఖాదర్ భాయి మిషను ముందు కూర్చుని టేపును వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నాడు.

"అక్కా, మా బిడ్డ గింత దూరం మేం లేకుండ ఎన్నడు పోలె. నాకేమో బడి బట్టలు ఇయ్యాల్సిన టైము. మీరుంటరా ఆమెతోని?"

నా సెలవు ఆ రోజుతో సరి. ఉండనని చెప్పాలనే నోరు తెరిచాను. రజియా తలుపు వెనక నిలబడి నన్నే చూస్తోంది.

"ఉంటాను తమ్ముడూ" అన్నాను. పోస్టాఫీసుకు టెలిగ్రాం ఇచ్చాను. పోస్టాఫీసులో పనిచేసే మనిషి టెలిగ్రాంలో అబద్ధం రాయడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? జ్వరం అని రాశాను. ఆ మాటలో సగం నిజమే, ఒళ్లు వేడిగానే ఉంది.

హైదరాబాదు: అసలు కోర్టు

హైదరాబాదు బస్సు ప్రయాణం, బస, వాటి బాధలు ఇక్కడ రాయను. ఇద్దరూ పేర్లు రాసుకున్నారు. ఖాళీలు నిజంగానే ఉన్నాయి. మర్నాడు ఎవరు ఎవరితో ఆడాలో చీటీలు తీసి గోడకు అంటించారు. శైలు చూసి వచ్చింది. షాహీన్ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించింది.

మొదటి రౌండులో శైలజ, షాహీన్. ఒకరితో ఒకరు.

ఇంతమంది అమ్మాయిలున్నారు, దేశం నలుమూలల నుంచి వచ్చారు, బయటి దేశాల వాళ్లు కూడా ఉన్నారు. నేను నేరుగా ఆ చీటీలు తీసినాయన దగ్గరకు వెళ్లి, వీళ్లిద్దరూ ఒకే ఊరి నుంచి ఒకే బస్సులో వచ్చారయ్యా, కాస్త మార్చమని అడిగాను. ఆయన నవ్వి, అలా కుదరదు మేడం అన్నాడు.

"పోనీ పెద్దమ్మా," అంది షాహీన్. ఆమె కూడా నన్ను పెద్దమ్మ అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. "గీ పారి గీతలు నువ్వు గియ్యాల్సిన పని లేదు."

సిమెంటు కోర్టు, తెల్ల రంగు గీతలు, ఎత్తు కుర్చీలో అంపైరు, డబ్బా విప్పగానే బుస్సుమనే కొత్త బంతులు. నేను ఒక్కదాన్నే వాళ్లిద్దరి తరఫునా కూర్చున్నాను. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి సెట్టు షాహీన్ తీసుకుంది. రెండోదాంట్లో శైలు బాదడం తగ్గించింది. అది కూడా మెత్తగా తిప్పి పంపసాగింది. ఒక్కో బంతి అటూ ఇటూ ఎంతసేపు తిరిగిందంటే, అంపైరు తల తిప్పడం మాని కళ్లు మాత్రమే తిప్పాడు. మూడో సెట్టు చివరకు ఇద్దరి బట్టలూ ఒంటికి అతుక్కుపోయాయి. ఆఖరి పాయింటులో షాహీన్ కాస్త పొట్టిగా వేసిన బంతి కోసం శైలు ముందుకు వచ్చింది, ఆ రోజంతా దాచుకున్న దెబ్బ అప్పుడు కొట్టింది. గీత లోపలే పడింది. గెలిచింది.

ఆ మర్నాడు రెండో రౌండులో ఒక బయటి దేశపు అమ్మాయి శైలును గంట గడవకముందే ఇంటికి పంపించేసింది. శైలుకు దక్కిన గేములు మొదటి సెట్టులో ఒకటి, రెండోదాంట్లో సున్నా. ఆ అమ్మాయి కొట్టిన బంతి చప్పుడు విన్నాక మా పిల్లది చప్పుడే కాదనిపించింది నాకు. శైలు మాత్రం బయటికి వస్తూనే ఆ అమ్మాయి సర్వీసు ఎలా వేసిందో షాహీన్‌కు చేతులతో చూపిస్తోంది.

సాయంత్రం వాళ్ల నాన్నకు ఫోను చేసింది. బూత్ తలుపు తెరిచే ఉంచింది కనుక నాకూ షాహీన్‌కూ వినిపిస్తోంది.

"ఒకటి గెలిచాను నాన్నా, ఒకటి ఓడాను... ఉద్యోగంలో చేరతాను. కానీ ఆట మానను. పొద్దున ఆడి ఆఫీసుకు వెళ్తాను, అడగట్లేదు, చెప్తున్నాను... ఆఁ, ఇంకొకటి. ఆ కోటాలో ఇంకా ఖాళీలున్నాయేమో కనుక్కో. నాకు కాదు. షాహీనని ఒక అమ్మాయికి... నాకన్నా బాగా ఆడుతుంది నాన్నా. లేదు, నిన్న నేనే గెలిచాను. అయినా బాగా ఆడుతుంది... ఉండు, ఇస్తాను."

రిసీవరు షాహీన్ చేతిలో పెట్టింది. షాహీన్ కంగారుగా నా వైపు చూసింది. చెయ్యి కమీజుకు తుడుచుకుని రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఆయన ఏదో అడిగాడు, ఆట ఎలా సాగిందనే అయ్యుంటుంది.

"నమస్తే సార్" అంది. "మంచిగ ఆడింది సార్ మీ బిడ్డ. గీ పారి ఓపిక పట్టింది. గందుకే నేను ఓడిన."